గ్లో పౌడర్ కొనేవాళ్లు ఆ పాతూరు షాపుతో జాగ్రత్త

షాపు పేరు రాయను. వైజాగ్‌లో గాలం వేసేవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. నిన్న సాయంత్రం అక్కడ జరిగింది తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది.

మా బావగారు విన్నిపెగ్‌లో ఉంటారు. చలికాలం అక్కడ సరస్సు గడ్డకడితే మంచుకి చిల్లు వేసి, అందులోంచి గాలం దింపి వాలై చేపలు పడతారు. పైన మంచు, దాని మీద హిమం, కింద చీకటి. అందుకే చీకట్లో మెరిసే రబ్బరు ఎరలు కావాలి. నేను సావడ చేపల కోసం రాత్రిపూట వాడేవి ఇంట్లోనే పోసుకుంటానని తెలిసి, అక్క వస్తుంటే రెండంగుళాల అల్యూమినియం అచ్చు పంపారు. అక్క శుక్రవారం వెళ్లిపోతుంది.

ఎరలు మెరవడానికి కలిపే గ్లో పౌడర్ ఆ షాపులో 200 గ్రాములు కొన్నాను, 1,800 రూపాయలు. "స్ట్రాన్షియం అల్యూమినేటేనా?" అని రెండుసార్లు అడిగాను, గంటల తరబడి వెలిగే పొడి అదే కాబట్టి. "ఒరిజినల్ సార్, రాత్రంతా వెలుగుతాది" అన్నాడు. ఫోన్ లైటు కొట్టి, దోసిట్లో చూపించాడు. పచ్చగా మెరిసింది. నమ్మేశాను. అక్కడే ఇంకో అరగంట ఆగి చూడకపోవడం నా తప్పే.

ఆదివారం మొత్తం బాల్కనీలోనే. ఎరలు పోసే ద్రవ ప్లాస్టిక్ (ప్లాస్టిసాల్) 175 డిగ్రీలు దాటకుండా థర్మామీటర్ చూసుకుంటూ, పొడి అడుక్కి దిగిపోతుంది కాబట్టి ప్రతి పోతకీ కలుపుతూ, 140 ఎరలు పోశాను. లైటు తీసేస్తే అక్క పిల్లలు కేకలు పెట్టారు, అంత బాగా మెరిశాయి. అన్నాలు తిని వచ్చి చూస్తే ఒక్కటీ కనబడలేదు. మళ్లీ లైటు పట్టినా అంతే, ఇరవై నిమిషాలకే చీకటి. వాడిచ్చింది త్వరగా ఆరిపోయే పాతకాలం పొడి, జింక్ సల్ఫైడే అని నాకు అనుమానం లేదు.

నాలుగు ఎరలు పట్టుకుని షాపుకెళ్లాను. మర్యాదగానే చెప్పాను. పదిమంది ముందు నవ్వుతూ అన్నాడు: "ఏటి సార్, చేప వాచీ కట్టుకుని వస్తాదా? వేసినప్పుడు మెరిసిందా లేదా?" ఆ తర్వాత, "మీరే మాడబెట్టేసుంటారు" అని నా మీదకే తోశాడు. స్ట్రాన్షియం అల్యూమినేట్‌ని తయారు చేసేదే వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో. నా గిన్నెలో 175కి చచ్చిపోతుందా? ఆ మాట అంటే వినకుండా ఇంకో బేరం చూసుకున్నాడు. ఆరేళ్లుగా గాలాలు, తీగ, సీసపు గుండ్లు అన్నీ అతని దగ్గరే కొన్నాను. డబ్బు సంగతి అటుంచండి, ఆ నవ్వు మర్చిపోలేను.

ఎరల్ని కరిగించి మళ్లీ పోయొచ్చు. కానీ అందులో కలిసిపోయిన పొడిని తీసేదెలా? అక్కకి ఏం ఇచ్చి పంపాలో తెలియడం లేదు.

మీరు కొంటే బిల్లు మీద పొడి పేరు రాయించుకోండి. ముందు పది గ్రాములే తీసుకుని, లైటు కింద ఐదు నిమిషాలు ఉంచి బీరువాలో పెట్టండి. గంటయ్యాక గది చీకటి చేసి, కళ్లు అలవాటు పడ్డాక తీసి చూడండి. అసలుదైతే అప్పటికీ కనబడుతుంది.