4కె మానిటర్‌తో రెండేళ్లు: వత్తు పోయిన వధువు

విజయవాడ గవర్నర్‌పేటలో నాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, ప్రశ్నపత్రాలు, ఏడాదికి ఒకటో రెండో కవితా సంపుటాలు. చాలా కాలం 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీదే పని నడిచింది. కళ్లకు హాయిగా ఉంటుందని రెండేళ్ల కిందట 27 అంగుళాల 4కె మానిటర్, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలుండే తెర, కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, అవసరం కూడా లేదు. ఆ సైజులో ఏ 4కె మానిటర్ కొన్నా కథ ఇదే.

బిగించిన రోజు ముందుగా పెళ్లి ఫోటోలు తెరిచి చూశాం. పట్టుచీర అంచులో జరీ పోగులు లెక్కపెట్టవచ్చు అన్నంత స్పష్టంగా ఉన్నాయి. ఆ సంబరం పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ తెరిచేదాకానే. మెనూలు, టూల్స్, పేజీలోని అక్షరాలు అన్నీ చెమ్మగిల్లిన కాగితం మీద సిరా పాకినట్టు కనిపించాయి. మానిటర్‌లో లోపం ఉందేమోనని షాపుకు ఫోన్ చేశాను. నిజానికి దాని తప్పేమీ లేదు.

విండోస్‌ది మొదటినుంచీ అంగుళానికి 96 చుక్కల (పిక్సెళ్ల) లెక్క. నా పాత తెరలో అంగుళానికి దాదాపు 100 చుక్కలు ఉండేవి కాబట్టి ఇబ్బంది రాలేదు. కొత్తదానిలో 163. పాత తెర మీద నాలుగు మిల్లీమీటర్లుండే ఐకాన్ దీని మీద రెండున్నరకు కుదించుకుపోతుంది. అందుకే విండోస్ అన్నింటినీ 150 శాతానికి పెంచి చూపిస్తుంది, దీన్నే స్కేలింగ్ అంటారు. కొత్త సాఫ్ట్‌వేర్లకు ఈ సంగతి తెలుసు, అవి అక్షరాన్ని ఆ కొలతకే కొత్తగా గీస్తాయి. నేను వాడేది 2001 నాటిది. పేరు చెప్పకపోయినా డీటీపీ వాళ్లందరికీ తెలుసు. అది పాత లెక్క ప్రకారమే బొమ్మ గీసి ఇస్తే, విండోస్ ఆ బొమ్మను ఒకటిన్నర రెట్లు సాగదీస్తుంది. ఒక చుక్క ఒకటిన్నర చుక్కలు కావాలి, కానీ తెర మీద సగం చుక్క అనేది ఉండదు. దాంతో పక్క రంగులు కలిపి మధ్యలో బూడిద రంగు పులుముతుంది. పాస్‌పోర్టు ఫోటోతో ఫ్లెక్సీ వేయించిన వారికి ఈ అవస్థ వేరే చెప్పనక్కర లేదు.

ఇంగ్లీషు అక్షరాలు కొంత మసకేసినా ఊహించి చదువుకోవచ్చు. మన లిపికి ఆ వెసులుబాటు తక్కువ. ర, ఠ మధ్య తేడా ఒక చుక్క. వ, ప మధ్య తేడా తలకట్టు దగ్గరి సన్నని సందు. ద, ధ మధ్య తేడా కింద ఉండే చిన్న వత్తు. సరిగ్గా ఇవే ముందు చెరిగిపోతాయి.

మా దగ్గర ప్రూఫులు చూసే మాస్టారు రిటైరైన తెలుగు పండితులు. కొత్త తెర వచ్చిన నెలలోనే, “నాయనా, నాకు చూపు మందగిస్తున్నట్టుంది” అంటూ కళ్ల డాక్టరు దగ్గరకు వెళ్లి కళ్లజోడు మార్పించుకున్నారు. నేనూ నమ్మాను. ఆ మాఘమాసంలో ముహూర్తాల ఒత్తిడి. ఒక శుభలేఖకు ప్రింటు తీసే తీరిక లేక ప్రూఫు తెర మీదే చూశాం. స్క్రీన్‌షాట్ తీసి పెళ్లివారికి వాట్సాప్‌లో పంపితే వారూ సరే అన్నారు. స్క్రీన్‌షాట్‌లోకీ ఆ మసకే వెళ్లిందని తర్వాత తెలిసింది. అయిదు వందల కార్డులు అచ్చయి వచ్చాక చూస్తే ‘వధువు’ కాస్తా ‘వదువు’ అయి కూర్చుంది. మసక తెర మీదే కానీ అచ్చు ఎప్పుడూ శుభ్రంగానే వస్తుంది, అందుకే తప్పు అంత స్పష్టంగా కనిపించింది. మళ్లీ నా ఖర్చుతో వేయించాను.

అప్పుడు పట్టుబట్టి సెట్టింగులన్నీ తిరగేశాను. స్కేలింగ్ 100 శాతానికి తగ్గిస్తే అక్షరాలు తేటగా ఉన్నాయి, కానీ చీమల బారులా ఉన్నాయి. రిజల్యూషన్‌ను ఫుల్ హెచ్‌డీకి దించితే కొత్త సాఫ్ట్‌వేర్లు కూడా మెత్తబడ్డాయి. ఇక మిగిలింది సాఫ్ట్‌వేర్ ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ కింద ఉండే హై డీపీఐ సెట్టింగులు. అందులో ‘అప్లికేషన్’ ఎంచుకుంటే మళ్లీ చీమల బారే. ‘సిస్టమ్’ అంటే పాత మసకే. విండోస్ 10కు 2017లో వచ్చిన ‘సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్’ మాత్రం సాగదీయకుండా అక్షరాలను మళ్లీ గీయిస్తుంది. మెనూలు అద్దంలా మారాయి. అయితే నా పేజీలో బార్డరు గీతలు అక్కడక్కడ మాయమయ్యాయి. ప్రశ్నపత్రాలకు సర్దుకోవచ్చు, శుభలేఖలకు కుదరదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇదే సెట్టింగు పెట్టాను, అక్కడ ఏ చిక్కూ లేదు.

సాఫ్ట్‌వేరే మార్చవచ్చు కదా అంటారు. ఇన్నేళ్లుగా దాచిన ఫైళ్లన్నీ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అక్షర సంకేతాల పద్ధతి) కాని పాత ఫాంట్లలో ఉన్నాయి. మార్పిడి చేసిన ప్రతిసారీ ఏదో ఒక వత్తు ఎగిరి పక్క అక్షరం కింద పడుతుంది.

చివరికి అటకెక్కించిన 22 అంగుళాల తెరను దించి 4కె పక్కనే పెట్టాను. దాని స్కేలింగ్ 100 శాతం. పాత సాఫ్ట్‌వేర్ కిటికీని అటు జరపగానే మసక మాయం. పేజీ అక్కడ కడతాం, పీడీఎఫ్ చేసి ఇటు తెరిచి ప్రూఫు చూస్తాం. పీడీఎఫ్‌లో అక్షరాన్ని ఎంత పెంచినా అంచు చెదరదు, వత్తులు గోటితో తాకి చూడవచ్చు అనిపిస్తుంది. ఈ ఒక్క పనికే 4కె పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తోంది. ఫోటోల పని, యూనికోడ్‌లో రాసే పని ఉన్నవారు నిశ్చింతగా కొనవచ్చు. రోజంతా పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోనే కూర్చునేవారు ఫుల్ హెచ్‌డీ దగ్గరే ఆగడం మేలు. కేబుల్ సంగతీ చూసుకోండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 తో 4కె సెకనుకు 30 సార్లే మారుతుంది, మౌసు ఈడ్చినట్టు కదులుతుంది. డిస్‌ప్లేపోర్ట్ అనే వేరే రకం కేబుల్ వేశాక ఆ బాధ పోయింది.

కళ్లజోడు ఖర్చు నేను ఇస్తానంటే మాస్టారు తీసుకోలేదు. ప్రూఫులో ధకారం వచ్చినప్పుడల్లా మాత్రం ఒక్క క్షణం ఆగి, కళ్లజోడు పైనుంచి నావైపు చూస్తారు.