వియన్నాలో గడియారాలు, గోళాలు, శవపేటికలు

వియన్నా వెళ్ళే హైదరాబాదు వారికి ట్రావెల్ ఏజెన్సీలు రాసిచ్చే పట్టికలో షోన్‌బ్రున్ ప్యాలెస్, సెయింట్ స్టీఫెన్స్ చర్చి, ఆ తర్వాత పెద్ద చిత్రకళా మ్యూజియం తప్పకుండా ఉంటాయి. అవి చూడదగ్గవి కావని అనను. కానీ ఆ పెద్ద మ్యూజియంలో నాలుగు గంటలు తిరిగి బయటికి వచ్చాక ఏమేం చూశావని మా చెల్లెలు అడిగితే, కాళ్ళ నొప్పి గురించి తప్ప వివరంగా చెప్పడానికి నాకేమీ తోచలేదు. బడి పిల్లలకు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ముప్పైకి పైగా గ్యాలరీలు ఒక్క పూటలో చూపించి తీసుకొస్తే, ఇంటికొచ్చి గంట కొట్టే బొమ్మ పేరు, ముసుగు రెబెక్కా పేరు చెప్పి ఊరుకుంటారు చూడండి, నా పరిస్థితీ అదే. ఒకే వస్తువుకు ఒక ఇల్లంతా కేటాయించిన చిన్న మ్యూజియంలు వియన్నాలో చాలా ఉన్నాయి. గంట, గంటన్నరలో పూర్తయ్యే ఆ మ్యూజియంలలో మేము మూడింటిని చూశాము. వాటిలో గడియారాల మ్యూజియం ఒక్కటి చూడడానికే ఒక రోజు ఎక్కువ ఉన్నా నష్టం లేదన్నది నా అభిప్రాయం.

ఈ అభిప్రాయంలో సగం మా చిన్నాయనది. ఆయన సుల్తాన్‌బజార్‌లో ముప్పై ఏళ్ళకు పైగా వాచీలు బాగుచేసి, సెల్‌ఫోన్లు వచ్చాక గిరాకీ తగ్గి కొట్టు మూసేశారు. వియన్నాలో ఉద్యోగం చేస్తున్న మా చెల్లెలి ఇంట్లో వారం రోజులు ఉండడానికి నాతో బయలుదేరినప్పుడు ఆయన అడిగింది ఆ గడియారాల ఇల్లు ఒక్కటే. తీరా మా ప్రయాణం ఏర్పాటు చేసిన ఏజెన్సీ వారు దాన్ని సోమవారం నాటి పట్టికలో వేశారు. సోమవారం ఆ మ్యూజియానికి సెలవు. మూసిన తలుపు ముందు ఆయన, తాళం చెవి పోగొట్టుకున్న ఇంటి యజమానిలా, కాసేపు అలాగే నిలబడిపోయారు. మన సాలార్‌జంగ్‌కు, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి శుక్రవారం సెలవైనట్టే అక్కడ చాలా మ్యూజియంలకు సోమవారం సెలవన్న సంగతి ముందే తెలుసుకోకపోవడం నా పొరపాటు కూడా.

మర్నాడు మళ్ళీ వెళ్ళాము. ఊరి నడిబొడ్డున, ఆమ్ హోఫ్ చర్చి వెనక, షుల్‌హోఫ్ అనే ఇరుకు సందులో, వియన్నాలోని అతి పాత ఇళ్ళలో ఒకటైన భవనంలో ఈ మ్యూజియం ఉంది. నగర పాలక సంస్థ దీన్ని 1917లో స్థాపించి 1921లో ప్రజలకు తెరిచింది. రుడోల్ఫ్ కాఫ్టన్ అనే బడిపంతులు సేకరించిన గడియారాలే దీనికి మూలధనం. ఆయనే తొలి అధిపతి కూడా. దానికి తోడు మరీ ఫాన్ ఎబ్నర్-ఎషెన్‌బాఖ్ అనే ఆస్ట్రియా రచయిత్రి కూడబెట్టిన 270 జేబు గడియారాలు వచ్చి చేరాయి. ఆ రచయిత్రి గడియారాలు కొని దాచుకోవడంతో ఆగకుండా గడియారాల పని కూడా నేర్చుకున్నారని తెలిసినప్పటి నుంచి చిన్నాయన ఆవిడను తమ వృత్తివారిగానే లెక్కవేసి మాట్లాడారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో భద్రత కోసం ఊరి బయటికి తరలించిన గడియారాల్లో చాలా తిరిగి రాలేదు. ఇప్పుడున్నవి మిగిలినవి, తర్వాత చేర్చినవి కలిసి మూడు అంతస్తుల నిండా ఉన్నాయి.

మెట్లు సన్నగా, మెలికలు తిరిగి ఉంటాయి కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారు నిదానంగా ఎక్కాలి. మొదటి అంతస్తులో 1699 నాటి సెయింట్ స్టీఫెన్స్ చర్చి గోపుర గడియారపు యంత్రం ఉంది. గడియారం అనగానే మనకు గుర్తొచ్చే ముఖం అందులో కనిపించదు. కమ్మరి కొలిమిలో కొట్టి బిగించిన పెద్ద ఇనుప చట్రం, దాని లోపల పళ్ళచక్రాలు మాత్రమే ఉంటాయి. ఐగ్లాస్ కంటికి పెట్టుకుని ఆవగింజంత స్క్రూలు తిప్పిన మనిషికి ఆ యంత్రం ముందు నవ్వు ఆగలేదు. చక్రం, దాన్ని ఒక్కొక్క పన్నుగా వదిలే కొక్కెం అన్నీ తన బల్ల మీద విప్పిన వాటిలోనివే గాని, ఒక్కొక్కటి బండి చక్రమంత ఉందని ఆయన వేలితో గాలిలో గీసి చూపిస్తూ నాకు వివరించారు. అదే ఇంట్లో, కుట్టుపనివారు వేలికి పెట్టుకునే తొడుగులో పట్టేంత చిన్న లోలకం గడియారం కూడా ఉంది. గోపుర గడియారాన్ని చూసిన కంటితో దీన్ని చూడడానికి వంగి, ఊపిరి బిగబట్టాలి.

ఈ మ్యూజియంలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది 1769లో డేవిడ్ ఆ సాంక్టో కయెటానో అనే క్రైస్తవ సన్యాసి తయారుచేసిన ఖగోళ గడియారం. గంటలూ నిమిషాలూ చెప్పడం దానికి చిన్న పని. పగటి నిడివి, గ్రహాల గమనం లాంటి లెక్కలన్నీ దాని ముఖం మీద ముళ్ళ రూపంలో తిరుగుతుంటాయి. వాటిలో ఒక ముల్లు చుట్టూ తిరిగి మొదటి చోటికి రావడానికి 20,904 సంవత్సరాలు పడుతుంది. ఈ అంకె చదివి వినిపించగానే చిన్నాయన, "అది నడుస్తున్నదో ఆగిపోయిందో పట్టుకునేదెవలు?" అన్నారు. హాస్యం అనుకుని నేను నవ్వాను గాని ఆయన నవ్వలేదు. బాగుచేసిన వాచీని గిరాకీకి ఇచ్చే ముందు రెండు రోజులు బల్ల మీద ఉంచి టైము సరిచూసుకునే మనిషికి అది నిజమైన సందేహమే.

పై అంతస్తుల్లో వియన్నా వారి స్వంత సరుకు ఉంది. గోడకు తగిలించే లాంతరు ఆకారపు గడియారాలు పంతొమ్మిదో శతాబ్దం తొలి సగంలో ఈ ఊరికి పేరు తెచ్చాయి. ఈ కోవకు చెందిన వియన్నా గడియారాల్లో ఒకసారి కీ ఇస్తే నెల, కొన్ని ఏకంగా ఏడాది నడిచేవి ఉండేవి. వారానికొకసారి ఆదివారం ఉదయం గోడ గడియారానికి కీ ఇచ్చే ఇంట్లో పెరిగిన నాకు, ఏడాదికొకసారి అనేది ఉగాదికి కీ ఇచ్చి మళ్ళీ ఉగాది దాకా మరిచిపోవడంలా అనిపించింది. ఇక చిత్రపటపు గడియారాలు మరో వింత. ఊరి దృశ్యాన్ని నూనె రంగులతో గీసి, ఆ బొమ్మలోని చర్చి గోపురానికి నిజంగా నడిచే గడియారాన్ని అమర్చేవారు. దూరం నుంచి చూస్తే పటం, దగ్గరికి వెళితే టిక్ టిక్ మంటుంది.

ఇక్కడికి వెళ్ళేవారు గంట పూర్తయ్యే సమయానికి, వీలైతే మధ్యాహ్నం పన్నెండింటికి లోపల ఉండేలా చూసుకోవాలి. మూడు అంతస్తుల్లోనూ గడియారాలు ఒకదాని తర్వాత ఒకటి మోగడం మొదలవుతుంది. ఒకటి గొంతు సవరించుకున్నట్టు గరగరమని మొదలుపెడితే, పక్క గదిలో ఒకటి సన్నగా అందుకుంటుంది, కింది అంతస్తులో ఎక్కడో ఒకటి ఆలస్యంగా లేచి తొందరగా ముగిస్తుంది. సాలార్‌జంగ్‌లో కుక్ అండ్ కెల్వీ గడియారం ముందు జనమంతా కూర్చుని బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టేదాకా ఎదురుచూసే ఆ సందడి ఇక్కడ లేదు. మేము వెళ్ళినప్పుడు ఆ గదిలో మాతో పాటు ఇద్దరే ఉన్నారు. చప్పుళ్ళన్నీ ఆగాక చిన్నాయన, "ఇన్నింటికి కీ ఇచ్చేటోడు ఎవలో గానీ, వాని చేతులకు దండం పెట్టాలె," అన్నారు.

బుధవారం గోళాల మ్యూజియానికి వెళ్ళాము. యు3 మెట్రోలో హెరెన్‌గాస్సె స్టేషన్‌లో దిగితే, ఆ వీధిలోనే మొల్లార్ ప్యాలెస్‌లో ఇది ఉంది. 1956లో జాతీయ గ్రంథాలయం వారు ప్రారంభించిన ఈ మ్యూజియం భూగోళాలకు, ఆకాశపటం గీసిన ఖగోళాలకు మాత్రమే ప్రత్యేకమైనది. 1536 ప్రాంతంలో గెమ్మా ఫ్రిసియస్ తయారుచేసిన భూగోళం ఇక్కడి పాత గోళాల్లో ముఖ్యమైనది. వెనిస్‌కు చెందిన కొరొనెల్లి చేసిన, మీటరుకు మించిన వ్యాసం గల గోళాలు కూడా ఉన్నాయి. గోళం మీద పటాన్ని నేరుగా గీస్తారనుకునేవాడిని గాని, చాలావరకు చేసేది అలా కాదట. పటాన్ని ముందుగా కమలాపండు తొనల ఆకారంలో, సాధారణంగా పన్నెండు భాగాలుగా కాగితం మీద ముద్రించి, తడిపి, బంతి మీద అతికిస్తారు. తడిసిన కాగితం సాగుతుంది కాబట్టి తొనల అంచులు వెంట్రుకవాసి తేడా లేకుండా కలపడంలోనే పనివాడి నేర్పంతా ఉంటుంది. ఇది తెలిశాక మాకు ఖండాల కంటే అతుకుల గీతలు వెతకడమే పనైంది.

ఖగోళాలు చూసేవారికి ఒక హెచ్చరిక. వాటిపై నక్షత్ర మండలాలు మనకు ఆకాశంలో కనిపించే తీరుకు తిరగబడి ఉంటాయి, ఎందుకంటే మనం నక్షత్రాల ఆవలి నుంచి లోపలికి చూస్తున్నట్టుగా వాటిని గీస్తారు. సప్తర్షుల తోక రెండో వైపుకు ఉండడం చూసి మేము అచ్చు తప్పనుకున్నాము. భూగోళాల మీద గోల్కొండ కోసం కూడా వెతికాము. పదిహేడో శతాబ్దపు యూరప్ పటాల్లో వజ్రాల పుణ్యమా అని ఆ పేరు కనిపించడం మామూలే. అయితే మా కంటికి నచ్చిన ఒక పెద్ద గోళం మీద దక్కను గోడవైపుకు ఉండిపోయింది. గాజు వెనక ఉన్న దాన్ని తిప్పమని అడగలేము కదా. అదే టికెట్ మీద అదే భవనంలో 1927లో స్థాపించిన ఎస్పెరాంటో మ్యూజియం కూడా చూడవచ్చు. కృత్రిమంగా తయారుచేసిన భాషల మీద ఆసక్తి లేనివారికి అది పావుగంట పని. గోళాల మ్యూజియం బాగానే ఉంది గాని, పటాలు చదివే అలవాటు లేని పిల్లలను తీసుకెళితే అరగంటకే ఇంటికి పోదామంటారు. గడియారాల మ్యూజియంలో ఆ బెడద లేదు, పైగా అక్కడ 19 ఏళ్ళలోపు వారికి టికెట్ కూడా లేదు.

మూడోది శవసంస్కారాల మ్యూజియం. దీనికి మా చిన్నాయనను ఒప్పించడానికి ఒక పూట పట్టింది. ఊరి చివర 1874లో తెరిచిన కేంద్ర శ్మశానంలో, రెండో ద్వారం దగ్గర, శవాలను దర్శనానికి ఉంచే ఒక భవనం కింద ఇది ఉంది. 2014 నుంచి ఇక్కడ నడుస్తోంది, సోమవారం కూడా తెరిచే ఉంటుంది. మా ఏజెన్సీ వారు సోమవారం పంపించాల్సిన చోటు ఇదీ. నగరం మధ్య నుంచి అక్కడికి వెళ్ళేది 71వ నంబరు ట్రామ్. మనవైపు చనిపోయినవాడిని చమత్కారంగా "టికెట్ తీసుకున్నాడు" అన్నట్టు, వియన్నా వారు "71 ఎక్కాడు" అంటారు. ఘనమైన అంత్యక్రియలను వారు "అందమైన శవం" అనే మాటతో మెచ్చుకుంటారు. డప్పుల చప్పుళ్ళతో, పూలు చల్లుతూ పెద్దవారిని సాగనంపే మన తెలంగాణ పల్లెల వారికి ఆ మాటలోని భావం విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక్కడ తప్పక చూడవలసింది అడుగు తెరుచుకునే శవపేటిక. రెండో జోసెఫ్ చక్రవర్తి పొదుపు పేరుతో 1784లో ఒక ఆజ్ఞ జారీ చేశాడు. దాని ప్రకారం పేటికను గోతి మీదికి తెచ్చి మీట లాగితే అడుగు పలకలు విచ్చుకుని శవం కిందికి జారుతుంది, పేటిక మళ్ళీ ఇంకొకరికి పనికొస్తుంది. జనం ఎదురు తిరగడంతో కొద్ది నెలలకే, 1785 తొలినాళ్ళలో, చక్రవర్తి ఆ ఆజ్ఞను వెనక్కి తీసుకోక తప్పలేదు. దాని పక్కన మరో వస్తువు ఇంకా ఆలోచింపజేసేది. బతికుండగానే పూడ్చిపెడతారేమోనన్న భయం ఆ రోజుల్లో ఎక్కువగా ఉండడం వల్ల, శవం చేతికి ఒక తాడు కట్టి దాన్ని కాపలాదారు గదిలోని గంటకు కలిపేవారు. చెయ్యి కదిలితే గంట మోగాలి. చిన్నాయన ఆ యంత్రాన్ని పనివాడి కంటితో పరిశీలించి, తాడుకు బిగుతు సరిపోదని తీర్పు చెప్పారు. అప్పటిదాకా ముఖం ముడుచుకుని ఉన్న మనిషి అక్కడ మెత్తబడ్డారు.

మేము చూసిన మూడింటిలో ఒకచోట వస్తువుల వివరాలు కొన్ని జర్మన్‌లోనే ఉండడంతో మా చెల్లెలు ఫోన్‌లో అనువాదం చేసి చదివి వినిపించాల్సి వచ్చింది. అలాంటి చోట వెంట ఎవరూ లేకపోతే సగం అర్థం కాదు. చావు, శవం అంటే మనసు కలత పడేవారు, ఇంట్లో ఈ మధ్యనే ఎవరినైనా పోగొట్టుకున్నవారు మూడోదాన్ని మానుకోవడమే మంచిది. దాని అమ్మకాల కొట్టులో శవవాహనపు ట్రామ్ బొమ్మ కనిపించింది. నాకు ముచ్చటగానే తోచింది గాని, చిన్నాయన చూపు చూసి చేతిలోకి తీసుకున్నదాన్ని తిరిగి పెట్టేశాను. ఇంటికి చేరగానే ఆయన చెప్పులు బయటే విడిచి, ఎవరినీ తాకకుండా నేరుగా స్నానానికి వెళ్ళారు.

ఆ వచ్చే ఆదివారం నెలలో మొదటిది. మొదటి ఆదివారం గడియారాల మ్యూజియంలో అందరికీ ప్రవేశం ఉచితమని చెల్లెలు చెప్పగానే, మమ్మల్ని ఎవరినీ పిలవకుండా ఆయన ఒక్కరే వెళ్ళివచ్చారు. పన్నెండు గంటలప్పుడు మూడో అంతస్తులో ఏ గడియారం అందరికంటే ఆలస్యంగా మోగుతుందో కనిపెట్టారట. ఎంత ఆలస్యమని అడిగితే, నలభై సెకన్లని, అంటే లోలకం కింది మర ఒక చుట్టు బిగిస్తే సరిపోతుందని చెప్పారు.