నాలుగేళ్లుగా పసరు వాసనలతో పెర్ఫ్యూమ్ కలుపుతున్నా, ఏవి నిలబడ్డాయంటే

నాకు పూల కంటే ఆకుల వాసనే ఇష్టం, అందుకే ఇంట్లో కలిపే ప్రతి పెర్ఫ్యూమ్‌లో ఏదో ఒక గ్రీన్ నోట్, అంటే పసరు వాసన ఇచ్చే పదార్థం, పడాల్సిందే. ఎక్కువగా వాడింది మాత్రం మూడే.

మొదటిది గాల్బనమ్. ఇరాన్‌లో పెరిగే ఫెరూలా మొక్క జిగురు ఇది, ఇంగువకి దగ్గరి చుట్టం. మూత తీయగానే పచ్చి క్యాప్సికమ్ విరిచినట్టు ముక్కుకి కొడుతుంది, ఆ ఘాటంతా అందులో చాలా కొంచెంగా ఉండే పైరజీన్‌లు అనే రసాయనాల వల్లే. మొదట్లో డైల్యూట్ చేయకుండా నాలుగు చుక్కలు వేసేశా, బ్యాచ్ మొత్తం పోయింది, ఇప్పుడు 1 శాతం సొల్యూషన్ చేసి పెట్టుకుని అదే వాడుతున్నా. 1947లో ఫ్రెంచ్ పెర్ఫ్యూమర్ జెర్మేన్ సెలియే చేసిన వాన్ వేర్ అనే పెర్ఫ్యూమ్‌లో ఇదే గాల్బనమ్‌ని భారీగా వేసింది, అంత ధైర్యం నాకింకా రాలేదు. ఐరిస్ (ఒక పూలమొక్క వేరు నుంచి వచ్చే వాసన)తో కలిపితే మాత్రం ఘాటు మెత్తబడి పౌడర్‌లా అయిపోతుంది, ఆ రెండూ ఉన్న షానెల్ నంబర్ 19 పెర్ఫ్యూమ్ వాసన చూశాకే ఈ సంగతి అర్థమైంది నాకు.

రెండోది సిస్-3-హెక్సెనాల్ అనే రసాయనం. దీని వాసన అంటే అప్పుడే కోసిన గడ్డే, ఆకు నలిగితే అందులోంచి నిజంగా వచ్చేది కూడా ఇదే. ప్రాణం లేచొస్తుంది ఆ వాసనకి! కానీ బ్లాటర్ (వాసన చూసే కాగితం ముక్క) మీద చూస్తుండగానే ఎగిరిపోతుంది. డోస్ పెంచితే నిలుస్తుందనుకుని ఏడాది పాటు పెంచుతూ పోయా, మొదటి ఐదు నిమిషాలు గొంతులోకి దిగేంత ఘాటు, ఆ తర్వాత షరా మామూలే. చివరికి దారి చూపింది దీన్నుంచే తయారయ్యే, మెల్లగా ఆవిరయ్యే సాలిసిలేట్. సిస్-3-హెక్సెనిల్ సాలిసిలేట్ విడిగా చూస్తే పెద్దగా వాసనే లేనట్టు ఉంటుంది, కానీ కింద అది వేసి పైన హెక్సెనాల్ చిటికెడు వేస్తే ఆ పచ్చదనం గంటల తరబడి సాగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు రెండూ కలిపే తీసుకోండి.

మూడోది వైలెట్ లీఫ్ యాబ్సల్యూట్, అంటే వైలెట్ ఆకుల నుంచి తీసిన చిక్కటి సారం. పువ్వు వాసనతో దీనికి సంబంధమే లేదు, తడిమట్టిలో నలిగిన ఆకు, కాస్త దోసకాయ. చిక్కటి ముదురాకుపచ్చ రంగు, బట్టల మీద మరక పడుతుంది, అయినా నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, పొద్దున పూసుకుంటే సాయంత్రానికి కూడా మణికట్టు మీద పసరు తెలుస్తూనే ఉంటుంది.

అంజీర ఆకు వాసన కావాలంటే స్టెమోన్ అనే సింథటిక్ పదార్థం వాడండి, అసలు ఆకు నుంచి తీసిన యాబ్సల్యూట్ చర్మానికి మంచిది కాదని ఇఫ్రా (సువాసన పరిశ్రమకి నియమాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ) నిషేధించింది.