స్టెనో కోసం వొల్టెర్రా గోడల దాకా

నాలుగు రోజుల ఇటలీ సెలవులో రెండు ఫ్లోరెన్స్‌కి, రెండు వొల్టెర్రాకి పెట్టుకున్నాం. మళ్లీ వెళ్తే ఫ్లోరెన్స్‌కి ఒక్క పూటే ఇస్తాను.

ఫ్లోరెన్స్‌లో నా పని శాన్ లొరెంజో చర్చిలో, రాతి పొరల వరస చదవడం నేర్పిన శాస్త్రవేత్త నికొలాస్ స్టెనో సమాధి చూడటం. పక్కనే ఉన్న మెడిచి చాపెల్‌కి గుమ్మం వేరు, టికెట్టూ వేరు. అది తెలియక మైకెలాంజెలో శిల్పాల క్యూలో అరగంట నిలబడ్డాను. సమాధి దగ్గర మాత్రం ఎవరూ లేరు, ఎవరో ప్రార్థనలు రాసి పెట్టిన చీటీలు తప్ప. 1638లో కోపెన్‌హాగెన్‌లో పుట్టి, శవాలు కోసి శరీర నిర్మాణం చదివిన మనిషికి మొక్కుల చీటీలు! 1666లో లివోర్నో దగ్గర జాలర్లకి చిక్కిన పెద్ద సొరచేప తలని అప్పటి ఫ్లోరెన్స్ పాలకుడు, మెడిచి ప్రభువు ఈయనకి పంపిస్తే, కోసి చూశాడు. దాని పళ్లు అచ్చం, రాళ్లలో దొరికితే జనం విషానికి విరుగుడని దాచుకునే ‘నాలుక రాళ్ల’లా ఉన్నాయి. మరి సొరచేప పన్ను రాయిలోకి ఎలా వెళ్లింది? బురద పొరలు పొరలుగా పేరుకుంది, కింది పొర ముందుది, పై పొర తర్వాతది అంటూ 1669లో పుస్తకం వేశాడు. ఈ మధ్యలోనే కాథలిక్కయ్యాడు, 1677కల్లా బిషప్.

వొల్టెర్రాకి నేరుగా బస్సు లేదు, కొల్లె వాల్ డెల్సాలో మారాలి. అక్కడ రెండో బస్సు కోసం గంటకు పైగా ఎండలో కూర్చున్నాం, పక్కన కాఫీ బాగుంది కాబట్టి సరిపోయింది. గది కోట గోడల లోపలే, శుభ్రంగానే ఉంది కానీ లిఫ్టు లేదు, మూడో అంతస్తు, మా ఆవిడ ఆ సూట్‌కేసు సంగతి ఇప్పటికీ ఎత్తుతుంది. హోటలాయన టిఫిన్ ఏడింటికన్నాడు, ఎనిమిదైనా తలుపు తియ్యలేదు.

అవన్నీ గోడ దగ్గరికి వెళ్లేసరికి మర్చిపోయాను. రోమన్లకి ముందు ఇక్కడ ఏలిన ఎట్రుస్కన్లు పేర్చిన రాళ్లు, దగ్గరికెళ్లి చూస్తే నిండా గవ్వలు, అదీ సముద్రానికి 500 మీటర్ల పైన! స్టెనో ఈ గోడతోనే లెక్క కట్టాడు. గోడ రోమ్ కన్నా పాతది, రాయి గోడ కన్నా పాతది, గవ్వ రాయి కన్నా పాతది, అలా వెనక్కి వెళ్తే సుమారు 4000 ఏళ్ల కిందటిదని అనుకున్న బైబిల్ నోవా జలప్రళయం దగ్గర తేలాడు. మొదట అంతా నీళ్లేనని ఆ గ్రంథమూ ప్రకృతీ రెండూ ఒప్పుకుంటాయి, ఎప్పుడు మొదలైందో ప్రకృతి చెప్పదు, అది గ్రంథం చెబుతుంది అన్నది ఆయన పద్ధతి. అరెజ్జో దగ్గర దొరికిన పెద్ద ఎముకలు, ఏనుగులతో రోమ్ మీదికి వచ్చిన సేనాని హానిబల్ ఏనుగులవన్నాడు, అదీ అదే తొందర. ఇప్పటి లెక్కలో ఈ గవ్వల వయసు లక్షల ఏళ్లు. వరస పట్టుకున్నాడు, అంకె తప్పాడు. నాకైతే అది చిన్న తప్పే.

మా తాతయ్య పూజలో సాలగ్రామం ఉండేది. అది గండకి నదిలో దొరికే అమ్మోనైట్ అనే పాతకాలపు సముద్ర జీవి శిలాజమని కాలేజీ రోజుల్లో గొప్పగా చెబితే, ‘అయితే ఏంట్రా, పాతదే కదా’ అని అభిషేకం కానిచ్చారు. ఆ గోడ దగ్గర అదే గుర్తొచ్చింది.

గోడకి టికెట్ లేదు. సాయంత్రం వాలు ఎండలో గవ్వలు బాగా కనిపిస్తాయి. ఆదివారం మాత్రం పెట్టుకోవద్దు, బస్సులు మరీ తక్కువ.