అనంతపురంలో ప్రాడక్ట్ డిజైన్ కోర్సు: ఏడాది చదివాక రాస్తున్నా

మెకానికల్ డిప్లొమా అయ్యాక రెండేళ్లు లేత్ షాపులో పనిచేసి, పోయినేడు జూన్‌లో అనంతపురంలోనే ఒక కమ్యూనిటీ కాలేజీలో ఏడాది ప్రాడక్ట్ డిజైన్ కోర్సులో చేరాను. చేరొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. చేరండి, కానీ దేనికి చేరుతున్నారో తెలుసుకుని చేరండి.

నేను చేరింది కంప్యూటర్‌లో డిజైన్లు గీసే ఫ్యూజన్, సాలిడ్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకుందామని. మొదటి నెల అసలు కంప్యూటరే ముట్టుకోనివ్వలేదు. మీ ఇళ్లలో ఎవరు ఏ పనికి ఇబ్బంది పడుతున్నారో చూసి రాసుకుని రండి అన్నారు మా సార్. కోపమొచ్చింది. ఆ ఆదివారం ఊరికి పోతే అవ్వ పీట మీద కూర్చుని విత్తనం శెనక్కాయలు చేత్తో వలుస్తోంది, బొటనవేలి గోరు అరిగిపోయి ఉంది. మిషన్‌కు వేయొచ్చు కదా అంటే, "పప్పు బద్దలైతే మొలవదు నాయనా" అంది. ఏడాదంతా నా ప్రాజెక్టు అదే అయింది.

చేత్తో ఆడించే మిషన్లు ఎప్పటినుంచో ఉన్నాయి, లీవర్ ముందుకీ వెనక్కీ ఆడిస్తే జల్లెడ మీద కాయ నలిగి పప్పు కిందికి రాలుతుంది. కిటుకంతా ఆ జల్లెడ సందులోనే ఉంది: ఇరుకైతే పప్పు దెబ్బతింటుంది, వెడల్పైతే కాయ వలవకుండానే జారిపోతుంది. మా ఊళ్లో వేసేది కదిరి-6 రకం, ఆ కాయలు వంద ఏరి సన్నని కొలతలు తీసే వెర్నియర్‌తో ఒక్కొక్కటీ కొలిచాను. మొదటి జల్లెడ 3డి ప్రింటర్‌లో పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్‌తో తీశాను, అది 0.2 మిల్లీమీటర్ల పొర మీద పొర వేసుకుంటూ పోతుంది కాబట్టి రాత్రంతా పట్టింది. దాన్ని బండి ట్యాంకు మీద పెట్టి ఎండలో ఊరికి తీసుకుపోతే వంగిపోయింది. పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుందని అప్పుడు తెలిసింది. తర్వాత మూడూ ఇనుప రేకుతోనే చేశాను. లీవర్ కూడా నిలబడి ఆడించే ఎత్తులో పెట్టాను, అవ్వేమో కూర్చుని పనిచేస్తుంది. ఆమె ముందు పెట్టేదాకా ఆ తప్పు నాకు తట్టలేదు. నాకు ఈ కోర్సు విలువంతా ఆ ఒక్కరోజులోనే కనిపించింది.

లోపాలూ చెప్పాలి. ముప్పై మందికి ఒకటే ప్రింటర్, ఫిబ్రవరిలో దాని నాజిల్ మూసుకుపోతే బాగుచేయించడానికి మూడు వారాలు పట్టింది, అందరికీ ఒకటే టెన్షన్. ఖర్చు లెక్కలు, డిజైన్ రిజిస్ట్రేషన్ పాఠాలు చివరి రెండు వారాల్లో పరుగుమీద అయిపోయాయి. 2000 నాటి డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు రక్షణ ఉంటుంది, అదీ వస్తువు రూపానికే, పనిచేసే తీరుకు పేటెంట్ వేరే కావాలి. మాలాంటి వాళ్లకు ఇది మొదట్లోనే చెప్పాల్సిన మాట.

ఫీజు కట్టేముందు వర్క్‌షాపు చూపించమనండి. పాత విద్యార్థులు చేసిన నమూనాలు అక్కడ లేకపోతే ఆలోచించుకోండి.

ఈ జూన్‌లో అవ్వ నాలుగో జల్లెడతోనే విత్తనం వలిచింది. రెండుచోట్ల వెల్డింగ్ ఊడింది, వచ్చేవారం మళ్లీ షాపుకు తీసుకుపోతున్నా.