హోటల్ పాయింట్లు దాచుకున్నవాళ్లు ఈ రోజే చూసుకోండి, నా 30,000 పోయాయి

నిన్న పొద్దున్నే వైజాగ్ నుంచి వచ్చి మిర్యాలగూడలో దిగాను. కోపం చల్లారితే రాయకుండా వదిలేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను. రైస్ మిల్లుల లైన్లో తిరిగేవాళ్లకు ఆ హోటల్ గ్రూప్ ఏదో చెప్పక్కర్లేదు. ఫిర్యాదు పెట్టాను కాబట్టి పేరు రాయడం లేదు. పోయినేడు దాన్ని ఇంకో పెద్ద గ్రూప్ కొనేసింది. దిగినప్పుడల్లా పాయింట్లు ఇచ్చే పాత మెంబర్‌షిప్‌ను మొన్న కొత్తదాంట్లో కలిపేశారు. ఆ కలపడంలో పాయింట్లతో బుక్ చేసుకున్న నా రెండు రాత్రులు మాయమయ్యాయి.

నాది సార్టెక్స్ మిషన్ల సర్వీస్, అంటే బియ్యంలో రంగు మారిన గింజలు ఏరే మిషన్లు. కాకినాడ, రాయ్‌పూర్, చెన్నై, బెంగళూరు అంటూ నెలలో పది పన్నెండు రోజులు బయటే ఉంటాను. ఆరేళ్లుగా ఎక్కడికెళ్లినా ఆ గ్రూప్ హోటల్లోనే దిగాను. పక్క సందులో నాలుగు వందలు తక్కువకు రూం దొరుకుతున్నా పాయింట్లు వస్తాయని ఇక్కడికే వచ్చేవాణ్ని. అట్లా 41,000 కూడాయి. అమ్మానాన్నల పెళ్లై ఈ ఏడు నలభై ఏళ్లు. అమ్మ ఇంతవరకు సముద్రం చూడలేదు. అందుకే నాలుగు నెలల ముందే 30,000 పాయింట్లు పెట్టి సముద్రం వైపు రూం రెండు రాత్రులకు బుక్ చేశాను. పాయింట్లు కట్ అయ్యాయి, కన్ఫర్మేషన్ వచ్చింది, నేను నిశ్చింతగా ఉన్నాను.

పొద్దున జన్మభూమి ఎక్కితే రాత్రికి వైజాగ్‌లో దిగాం. కౌంటర్ దగ్గర ఫోన్లో కన్ఫర్మేషన్ చూపించాను. ఆ అబ్బాయి నంబర్ కొట్టి చూసి, "ఇది పాత సిస్టమ్ బుకింగ్ అండీ, మాకు కనిపించదు" అన్నాడు. పాయింట్లు కట్ అయిన మెసేజ్ కూడా చూపించాను. మేనేజర్‌ను పిలవమన్నాను. అప్పటికి అమ్మ మోకాళ్లు పట్టుకుని సోఫా అంచున కూర్చుంది, చపాతీల డబ్బా ఉన్న సంచి ఒళ్లోనే ఉంది. మేనేజర్ వచ్చి స్క్రీన్ వైపు చూడను కూడా చూడలేదు. అందరికీ వినపడేలా, "ఫ్రీ రూమ్ కోసం ఇంత గొడవ దేనికండీ? కావాలంటే ఈ రోజు రేటుకి ఇస్తాం" అన్నాడు.

ఫ్రీ అట! ఆ ఆరేళ్లలో నేను కట్టిన ప్రతి బిల్లులోనూ ఆ పాయింట్ల ఖరీదు ఉంది. పాప మొదటి పుట్టినరోజు నాడు నేను రాయ్‌పూర్‌లో వాళ్ల హోటల్లోనే ఉన్నాను. అది ఫ్రీ ఎట్లా అవుతుంది?

అంతలో నాన్న నా పక్కకు వచ్చి బనియన్ జేబులోంచి కవర్లో చుట్టిన నోట్లు తీశాడు. "బిడ్డా, పైసలు నా తాన ఉన్నయి, కట్టెయ్. మీ అమ్మ కూసోలేకపోతుంది" అన్నాడు. మీ దగ్గర రూపాయి ఖర్చు పెట్టించను అని చెప్పి తీసుకొచ్చినవాణ్ని నేను. ఆయన చేతిని వెనక్కి నెట్టి నా కార్డు గీకాను. రెండు రాత్రులకు ట్యాక్స్‌తో 15,225. పోయిన డబ్బు కంటే నాన్న ఆ కవర్ విప్పడమే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

తప్పు నాది కూడా ఉంది. అకౌంట్ పాత కంపెనీ మెయిల్‌తో తెరిచాను. ఉద్యోగం మారాక మార్చుకోలేదు. పాత బుకింగ్‌లు ఒకసారి సరిచూసుకోమని వాళ్లు మెయిల్ పంపారట, అది ఆ పాత మెయిల్‌కే పోయింది. కొత్త యాప్‌లో ఇప్పుడు 11,000 కనిపిస్తున్నాయి. అదే రూంకు ఇప్పుడు రాత్రికి 28,000 పాయింట్లు అడుగుతున్నారు. ఆ 11,000 ఏం చేసుకోవాలి?

తిరుగు ప్రయాణంలో కూర్చుని చదివితే ఇది కొత్త కథ కాదని తెలిసింది. మారియట్ అనే పెద్ద హోటల్ గ్రూప్ 2016లో స్టార్‌వుడ్ అనే ఇంకో గ్రూప్‌ను సుమారు 1,300 కోట్ల డాలర్లకు కొన్నది. మన హైదరాబాద్‌లో మైండ్‌స్పేస్ వెస్టిన్, గచ్చిబౌలి షెరటాన్ స్టార్‌వుడ్ బ్రాండ్లే. గోడ మీద బోర్డు మారలేదు కానీ వెనక ఖాతా మారింది. స్టార్‌వుడ్ పాయింట్ ఒకటికి మారియట్ పాయింట్లు మూడు లెక్కన ఇచ్చారు, అక్కడివరకు న్యాయమే. 2018 ఆగస్టులో ప్రోగ్రాంలన్నీ కలిపినప్పుడు మాత్రం పాయింట్లు, హోటళ్లలో ఉన్న రాత్రుల లెక్కలు కనిపించడం లేదని చాలామంది మొత్తుకున్నారు. ఆ నవంబర్‌లోనే స్టార్‌వుడ్ పాత రిజర్వేషన్ డేటాబేస్‌లోకి 2014 నుంచే దొంగలు చొరబడ్డారన్న సంగతి బయటపడింది. పాస్‌పోర్ట్ నంబర్లు కూడా పోయాయి. కొన్నవాడికి హోటళ్లతో పాటు మన వివరాలూ వెళ్తాయి మరి. 2022లో మారియట్ వాళ్లు ఏ హోటల్‌కు ఎన్ని పాయింట్లో చెప్పే పట్టిక కూడా తీసేశారు, రేటు ఇప్పుడు రోజును బట్టి మారుతుంది.

ఇంకొకటి, దాదాపు అన్ని ప్రోగ్రాంల షరతుల్లోనూ పాయింట్లు మెంబర్ ఆస్తి కావని, కంపెనీ ఎప్పుడైనా మార్చుకోవచ్చని రాసి ఉంటుంది. ఆరేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ పేజీ తెరవలేదు.

మీ హోటల్ గ్రూప్‌ను ఎవరైనా కొంటున్నారని వింటే ఆ రోజే పాయింట్లకూ, ఉన్న రాత్రుల లెక్కకూ స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. మెయిల్, ఫోన్ నంబర్ ఇప్పుడు వాడుతున్నవే ఉన్నాయో లేదో చూడండి. పాయింట్లతో ముందే బుక్ చేసి ఉంటే బయల్దేరే ముందు కాల్ సెంటర్‌కు కాకుండా నేరుగా ఆ హోటల్‌కే ఫోన్ చేసి మీ పేరు ఉందో లేదో అడగండి. అసలు ఏళ్ల తరబడి దాచకండి, కూడినవి కూడినట్టు వాడేయండి.

నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. వాళ్లు తేల్చకపోతే నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు విలువకు ఫీజు కూడా లేదు. కన్ఫర్మేషన్, కట్ అయిన మెసేజ్, 15,225 బిల్లు మూడూ ప్రింట్ తీయించి ఫైల్లో పెట్టాను.