చేతి వడుకు నూలుతో శాలువా, టోపీ: నరసాపురం దుకాణంపై నా అభిప్రాయం

కొక్కెపు సూదితో అల్లే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురంలో, జంట సూదులతో అల్లే నాకు చేతి వడుకు నూలు దొరకడమే సంతోషం. అక్కడి ఒక చిన్న దుకాణంలో కొన్న చిలపలతో (నూలు చుట్టలతో) శాలువా, మనవరాలికి టోపీ పూర్తిచేశాను. పోగు ఒకచోట సన్నగా, మరొకచోట లావుగా ఉండడం వల్ల శాలువాకు మిల్లు నూలుతో ఎన్నడూ రాని జీవం వచ్చింది. గోదావరి గట్టు మీది పుష్యమాసపు చలిగాలికి అది చక్కగా సరిపోతోంది. టోపీ మాత్రం నిరాశపరిచింది: ఉన్నికున్న సాగే గుణం పత్తికి లేనందున అంచు పట్టు వదిలి జారిపోతోంది, పైగా పురి చాలని చోట పోగు రెండుసార్లు తెగింది. ముందుగా నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరబెట్టి కొలుచుకోవాలని దుకాణంలో చెప్పి ఉండవలసింది. ధర ఎక్కువే అయినా, శాలువాల కోసం మళ్ళీ అక్కడే కొంటాను.